ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? – విదేశంలో మొదటి ఆరు వారాలు



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా ఆఫీస్ రూమ్ ముందు టీసీ కోసం వచ్చే పేరెంట్స్ కనిపిస్తారు. కొందరు కొంపల్లికో మియాపూర్‌కో మారుతుంటారు. కొందరు అమెరికాకో ఆస్ట్రేలియాకో గల్ఫ్‌కో వెళ్తుంటారు. ఒకప్పుడు విదేశం అనగానే సాఫ్ట్‌వేర్ కుటుంబమే అనుకునేవాళ్ళం. ఇప్పుడు మన హైదరాబాద్ నుంచి టీచర్లు కూడా వెళ్తున్నారు. మా అక్కే వెళ్ళింది. అక్క మ్యాథ్స్ టీచర్. బావగారు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవారు. వాళ్ళబ్బాయి ఇక్కడే చిక్కడపల్లి దగ్గర రెండో తరగతి పూర్తి చేసి, జూన్‌లో మూడులో చేరాడు. జులై చివర్లో ముగ్గురూ అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరికి వెళ్ళారు.

తల్లీ తండ్రీ ఇద్దరూ టీచర్లే కదా, పిల్లాడికి ఏ ఇబ్బందీ ఉండదు అనుకున్నాం. అక్కడే పొరపాటు పడ్డాం. ఆ పొరపాటులో నా వంతు కూడా ఉంది. అందుకే ఈ నెల పాఠం ఇది.

1. వెళ్ళేది ఎలా, ఎన్నాళ్ళకు?

అమెరికా ప్రభుత్వ స్కూళ్ళు బయటి దేశాల టీచర్లను ఎక్కువగా జె-1 వీసా మీద తీసుకుంటాయి. 1961లో చేసిన ఒక చట్టం కింద అక్కడి విదేశాంగ శాఖ నడిపే సాంస్కృతిక మార్పిడి కార్యక్రమం ఇది. డిగ్రీతో పాటు కనీసం 2 ఏళ్ళ టీచింగ్ అనుభవం ఉండాలి. మొదట 3 ఏళ్ళ వరకు ఇస్తారు. తర్వాత మరో 1 లేదా 2 ఏళ్ళు పొడిగించవచ్చు. భార్య లేదా భర్తకు, పిల్లలకు జె-2 వస్తుంది. పిల్లలు ప్రభుత్వ స్కూల్లో ఫీజు లేకుండా చదువుకోవచ్చు. జె-2 మీద వెళ్ళిన భర్త లేదా భార్య ఉద్యోగం చేయాలంటే అనుమతి కార్డుకు విడిగా అప్లై చేసి, అది వచ్చేదాకా ఆగాలి. అందుకే మొదటి నెలల్లో మా బావగారు ఇంట్లోనే ఉన్నారు. వంట, స్కూల్ బస్ టైమ్, బట్టలు అన్నీ ఆయనే చూసుకున్నారు.

ఇక్కడ పేరెంట్స్ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇది అక్కడే స్థిరపడటానికి ఇచ్చే వీసా కాదు. 3 ఏళ్ళకో 5 ఏళ్ళకో పిల్లాడు మళ్ళీ మన స్కూల్లోకే రావచ్చు. 2018లో వచ్చిన చట్టం తెలంగాణలో అన్ని బోర్డుల స్కూళ్ళలోనూ పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి సబ్జెక్టు చేసింది. రెండో తరగతిలో వెళ్ళిన పిల్లాడు ఏడో తరగతిలో తిరిగొచ్చి, ఒత్తులు చదవలేక కూర్చోకూడదు. కాబట్టి సూట్‌కేసులో తెలుగు వాచకానికి చోటు ఉంచండి.

2. ఫైల్‌లో ఏం ఉండాలి?

టీసీ, మార్కుల షీట్, బర్త్ సర్టిఫికెట్ అందరూ పెట్టుకుంటారు. ఇబ్బంది పెట్టేది టీకాల కార్డు. నార్త్ కరోలినాలో పిల్లలు స్కూల్‌కి వెళ్ళిన మొదటి రోజు నుంచి 30 రోజుల లోపు టీకాల వివరాలు ఇవ్వాలి. ఇక్కడ మూడు విషయాలు చూసుకోండి.

• మన ప్రభుత్వ పట్టికలో తట్టుకు, రుబెల్లాకు కలిపి ఎంఆర్ టీకా ఇస్తారు. అక్కడ గవదబిళ్ళల టీకా కూడా కలిసిన ఎంఎంఆర్ అడుగుతారు. ఆటలమ్మ టీకా కూడా అడుగుతారు. అది మన ప్రభుత్వ పట్టికలో లేదు. ప్రైవేటు డాక్టర్ దగ్గర వేయించి ఉంటే ఆ కార్డు తప్పకుండా తీసుకెళ్ళండి.

• తేదీలు. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. వాళ్ళు నెల ముందు రాస్తారు. మన కార్డులో 05/08 అంటే ఆగస్టు 5. వాళ్ళకది మే 8. అక్క వాళ్ళబ్బాయి కార్డులో ఒక టీకా ఇలాగే మూడు నెలలు ముందే వేసినట్టు లెక్కయింది. నెల పేరు అక్షరాల్లో రాయించి, డాక్టర్ సంతకం, స్టాంపు వేయించుకోండి.

• మన పిల్లలకు పుట్టగానే బీసీజీ వేస్తారు. దాని వల్ల టీబీకి చేసే చర్మ పరీక్షలో పాజిటివ్ రావచ్చు. కంగారు పడొద్దు. రక్త పరీక్ష మీద బీసీజీ ప్రభావం ఉండదు. అది చేయమని అడగవచ్చు.

ఇంకో మాట. అక్క వాళ్ళబ్బాయిని అక్కడ మూడులో కాదు, రెండులో వేశారు. “ఒక సంవత్సరం వెనక్కి తోశారు” అని మా అమ్మ చాలా బాధపడింది. అది మార్కులు చూసి చేసింది కాదు. ఆ రాష్ట్రంలో ఆగస్టు 31 నాటికి 5 ఏళ్ళు నిండితే కిండర్‌గార్టెన్. ఆ లెక్కన 7 ఏళ్ళ పిల్లాడిది రెండో తరగతే. వాడి పక్కన కూర్చునే పిల్లలదీ అదే వయసు.

3. ఫారంలో ఒక ప్రశ్న

అడ్మిషన్ రోజు ఇచ్చే కాగితాల్లో ఇంటి భాష గురించి ఒక ఫారం ఉంటుంది. బిడ్డ మొదట నేర్చిన భాష ఏది? ఎక్కువగా మాట్లాడే భాష ఏది? ఇంట్లో ఎక్కువగా వినిపించే భాష ఏది? ఇవీ ప్రశ్నలు.

ఆ రాత్రి అక్క నాకు ఫోన్ చేసింది. వాళ్ళకు రాత్రి 9, నాకు మర్నాడు ఉదయం 6.30. “ఏం రాయమంటావే?” అంది. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “ఇంగ్లీష్ అని రాసెయ్. తెలుగు అని రాస్తే వీక్ సెక్షన్‌లో వేస్తారు. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కదా” అన్నాను. నేను ఇంగ్లీష్ మీడియం టీచర్‌ని. నా నోటికి వచ్చే మొదటి సలహా అదే.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పరీక్షలో నిజం రాయండర్రా అని రోజూ నేనే చెప్తాను కదే” అంది. మూడు ప్రశ్నలకూ తెలుగు అనే రాసింది.

అలా రాస్తే ఏమవుతుందో చెప్తాను. పిల్లలకు ఇంగ్లీష్‌లో సాయం అవసరమా కాదా అని స్కూల్ ఒక చిన్న పరీక్ష పెడుతుంది. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం – నాలుగూ చూస్తారు. నాలుగూ బాగుంటే ఏ మార్పూ ఉండదు. సాయం కావాలంటే విద్యా సంవత్సరం మొదలైన 30 రోజుల్లోపు తల్లిదండ్రులకు తెలియజేయాలి. వద్దనుకుంటే వద్దని చెప్పే హక్కు మనకు ఉంది. ఇది శిక్ష కాదు. అమెరికా సుప్రీం కోర్టు 1974లో ఇచ్చిన లా వర్సెస్ నికల్స్ తీర్పు తర్వాత, భాష రాని పిల్లలకు సాయం చేయడం అక్కడి స్కూళ్ళ బాధ్యత అయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ కుటుంబాల పిల్లల కోసం వేసిన కేసు అది.

మావాడికి చదవడం, రాయడం బాగా వచ్చాయి. వినడం, మాట్లాడటం తక్కువ వచ్చాయి. రోజుకు అరగంట ఐదారుగురు పిల్లలతో వేరే టీచర్ దగ్గర కూర్చోబెడతామన్నారు. టీచర్ కొడుక్కి ఇంగ్లీష్ రాదన్నారే అని అక్క ఆ రోజు అన్నం తినలేదట.

నాకూ సిగ్గనిపించింది. కానీ ఆ రిజల్ట్ చూస్తే మన క్లాస్‌రూమ్ కనిపించింది. మన పిల్లలు బోర్డు మీది ప్రశ్న తప్పు లేకుండా రాసుకుంటారు, జవాబు అప్పజెప్తారు. పక్కవాడితో రెండు నిమిషాలు ఇంగ్లీష్‌లో సొంతంగా మాట్లాడే అవకాశం ఎన్నిసార్లు ఇస్తున్నాం? ఇది మా వైపు లోపం, మీ పిల్లలది కాదు.

4. మాట్లాడని రోజులు

మొదటి వారం వాడు స్కూల్లో నోరు విప్పలేదు. రెండో వారమూ అంతే. ఇంటికొచ్చాక అక్క ఇంగ్లీష్‌లోనే అడిగేది, “హౌ వాజ్ యువర్ డే?” అని. వాడు “గుడ్” అనేవాడు. అంతే. అక్క హోంవర్క్ తీసేది, స్పెల్లింగులు చెప్పించేది. వాడికి స్కూల్లో ఒక టీచర్, ఇంట్లో ఇంకో టీచర్. వాటర్ బాటిల్ మాత్రం రోజూ నిండుగానే తిరిగొచ్చేది. స్కూల్లోనే నీళ్ళు తాగుతున్నాడేమో అనుకున్నారు బావగారు.

వీడియో కాల్‌లో నేనేం చేశానో కూడా చెప్పాలి. “ఏదీ, అమెరికన్ యాక్సెంట్‌లో ఒక మాట మాట్లాడు, పిన్ని వింటుంది” అన్నాను. వాడు ఫోన్ సోఫాలో పడేసి లోపలికి వెళ్ళిపోయాడు.

కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మాట్లాడకుండా ఉండటం మామూలే. ఆ సమయంలో వాళ్ళు వింటూ ఉంటారు, ఎవరు ఎప్పుడు ఏమంటున్నారో చూస్తూ ఉంటారు. కెనడాలో ఇలాంటి పిల్లల మీద పనిచేసిన జిమ్ కమిన్స్ అనే ఆచార్యుడు చెప్పిన విషయం బీఎడ్‌లో మేమూ చదివాం. ఆటస్థలంలో మాట్లాడే భాష సుమారు 2 ఏళ్ళలో వస్తుంది. పాఠం అర్థం చేసుకుని రాసే భాష తోటివాళ్ళ స్థాయికి రావడానికి 5 ఏళ్ళు, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. ఇంటి భాషలో బలంగా ఉన్న పిల్లలకు ఆ బలం రెండో భాషలోనూ పనికొస్తుంది. పరీక్ష కోసం చదివి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంట్లో పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు.

5. మూడో వారం, ఒక సాయంత్రం

అక్క అక్కడ ఆరో తరగతికి మ్యాథ్స్ చెప్తుంది. ఒక రోజు లెక్క తప్పు వేసిన పిల్లాడితో, “రబ్బర్‌తో తుడిచేసి మళ్ళీ వెయ్యి” అని ఇంగ్లీష్‌లో అంది. క్లాసంతా పగలబడి నవ్వింది. అక్కడ దాన్ని ఎరేజర్ అనాలి. రబ్బర్ అంటే పిల్లల ముందు అనకూడని వేరే అర్థం ఉంది. ఆ మాట ఆ క్లాసులో ఎవరూ అక్కకు వివరించలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ చెప్పింది. పన్నెండేళ్ళ సర్వీసులో క్లాసు చేయి దాటిపోవడం అక్కకు అదే మొదటిసారి.

ఇంటికొచ్చి, పప్పులోకి చింతపండు పిసుకుతూ బావగారితో తెలుగులో చెప్పి ఏడ్చేసింది. పిల్లాడు వినకూడదని గొంతు తగ్గించింది కానీ వాడు విన్నాడు. దగ్గరికొచ్చి, “నిన్ను కూడా నవ్వారా అమ్మా?” అన్నాడు.

ఆ ‘కూడా’ దగ్గర అక్క ఆగిపోయింది.

అప్పుడు చెప్పాడు వాడు. మొదటి రోజు చెయ్యెత్తి నిలబడి, మనం నేర్పినట్టే, “మే ఐ గో టు ద టాయిలెట్, మేడమ్” అన్నాడట. ఇద్దరు పిల్లలు నవ్వారు. అక్కడ రెస్ట్‌రూమ్ అంటారు. నిలబడి అడగక్కర్లేదు, తలుపు దగ్గర వేలాడే పాస్ తీసుకుని వెళ్ళాలి. అది వాడికి తెలియదు. మళ్ళీ అడగాలంటే భయం వేసింది. వెళ్ళే అవసరం రాకుండా నీళ్ళు తాగడమే మానేశాడు. రెండు వారాలకు పైగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు.

మర్నాడు అక్క క్లాస్ టీచర్‌కి రెండు లైన్ల ఉత్తరం రాసింది. ఆవిడ వాడిని పిలిచి పాస్ చూపించింది, పక్క సీటు అబ్బాయిని తోడు పంపింది. బాటిల్ ఖాళీగా రావడం మొదలైంది. ఆ అరగంట గ్రూపులో వాడు మొదటిసారి నోరు విప్పింది కూడా ఆ వారమే. అక్కడ ఉన్న ఐదారుగురూ కొత్తవాళ్ళే కాబట్టి ఎవరూ నవ్వలేదు.

అప్పటి నుంచి వాళ్ళింట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. అన్నం దగ్గర ముందు అక్క, తర్వాత బావగారు, ఆ రోజు తమకు తెలియక చేసిన పని ఒకటి చెప్తారు, తెలుగులోనే. ఆ తర్వాత వాడి వంతు. చెప్పకపోయినా సరే. బావగారు ఒక రోజు కారులో పెట్రోల్ పోయించుకోవడానికి ఎవరో వస్తారని పావుగంట కూర్చున్న కథ వాడికి చాలా ఇష్టమట.

ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే. స్కూల్లో జరిగింది ఇంట్లో చెప్పుకోవడానికి పిల్లలకు ఒక సొంత భాష కావాలి. ఆ భాషను ఇంగ్లీష్ ప్రాక్టీస్ కోసం ఆపేస్తే, చెప్పాల్సిన విషయం కూడా ఆగిపోతుంది.

6. ముందే చెప్పి పంపాల్సిన చిన్న తేడాలు

• మనం ఫుల్‌స్టాప్ అంటాం, వాళ్ళు పీరియడ్ అంటారు. మన జెడ్ వాళ్ళకు జీ. కలర్ స్పెల్లింగులో మనం రాసే యూ వాళ్ళు రాయరు. ఇవి తప్పులు కావు, అక్కడి అలవాటు అని చెప్పండి.

• లక్షను మనం 1,00,000 అని, వాళ్ళు 100,000 అని రాస్తారు. కామాలు మారితే పిల్లలు అంకె తప్పు చదువుతారు.

• వేడిని ఫారన్‌హీట్‌లో చెప్తారు. 68 డిగ్రీలంటే మన 20 డిగ్రీలు. స్వెట్టర్ కావాలా వద్దా అన్నది దీన్ని బట్టే.

• టీచర్ లోపలికి రాగానే లేచి నిలబడరు. మేడమ్ అనరు, మిసెస్ లేదా మిస్ అని ఇంటిపేరుతో పిలుస్తారు. అలా పిలవడం అమర్యాద కాదు.

• టిఫిన్ బాక్సులో పల్లీ చట్నీ, పల్లీ పొడి పెట్టే ముందు స్కూల్‌ని అడగండి. కొందరు పిల్లలకు వేరుశనగ అలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది. శాకాహారులు జెలటిన్ ఉన్న తీపి పదార్థాల గురించి కూడా పిల్లలకు చెప్పండి. అది జంతువుల నుంచి తీస్తారు.

• పసుపు రంగు స్కూల్ బస్ ఆగి ఎర్ర స్టాప్ బోర్డు చాపితే, మధ్యలో డివైడర్ లేని చిన్న రోడ్ల మీద ఎదురుగా వచ్చే వాహనాలు కూడా ఆగాలి. డ్రైవింగ్ నేర్చుకునే పెద్దవాళ్ళు మొదటి రోజే తెలుసుకోవాల్సిన రూల్ ఇది.

• టీచర్ల జీతం ఆ రాష్ట్రంలో నెలకొకసారి వస్తుంది. మొదటి జీతం వచ్చేదాకా అద్దె, డిపాజిట్, కిరాణా అన్నీ మనం తీసుకెళ్ళిన డబ్బుతోనే. ఇంట్లో పెద్దవాళ్ళ మధ్య వచ్చే చికాకు పిల్లలకు తెలిసిపోతుంది. ముందే లెక్క వేసుకోండి.

7. ఇక్కడుండే అమ్మమ్మలకు, తాతయ్యలకు

వేసవిలో ఆ రాష్ట్రం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. నవంబరు మొదటి ఆదివారం నుంచి పదిన్నర గంటలు. పిల్లాడు బడి నుంచి వచ్చే సాయంత్రం 4కి మనకు అర్ధరాత్రి ఒకటిన్నర. అందుకే శనివారం పొద్దున వాళ్ళకు 9, మనకు సాయంత్రం 6.30 అయినప్పుడు పెట్టుకుంటే ఇద్దరికీ తీరిక.

మా అమ్మ యాక్సెంట్ అడగదు. “ఏం తిన్నావు నాన్నా? ఇంకా చలిగా ఉందా?” అంటుంది. ఇందిరా పార్కులో ఇవాళ ఎవరు కనిపించారో, త్యాగరాయ గానసభలో ఏం ప్రోగ్రాం జరిగిందో చెప్తుంది. వాడు అరగంట మాట్లాడతాడు. నేనిప్పుడు అమ్మ పక్కన కూర్చుని వింటాను.

ఇంట్లో చేసి చూడండి

విదేశం వెళ్ళేవాళ్ళకే కాదు, మనందరికీ ఈ నెల మూడు పనులు:

1. వారంలో మూడు రోజులు అన్నం దగ్గర, ముందు మీరు ఆ రోజు చేసిన ఒక పొరపాటు చెప్పండి. పిల్లల్ని అడగకండి, ఎదురు చూడండి.

2. పిల్లల స్కూల్ బ్యాగ్‌లో మాట్లాడని వస్తువులను గమనించండి. నిండుగా ఉన్న బాటిల్, ముట్టని బాక్స్, పోయిన పెన్సిల్. దాని గురించి మీకు ఏ భాష తేలికో ఆ భాషలో మాట్లాడండి.

3. వారానికి ఒక పేజీ తెలుగు గట్టిగా చదివించండి. చిక్కడపల్లిలోని మన నగర కేంద్ర గ్రంథాలయానికి ఒక ఆదివారం తీసుకెళ్ళండి.

చివరగా ఒక విషయం. ప్రతి జూన్‌లోనూ మన స్కూల్‌కి కొత్త పిల్లలు వస్తారు. అమ్మో నాన్నో గ్రూప్స్ కోచింగ్ కోసం నల్గొండ నుంచో పాలమూరు నుంచో అశోక్‌నగర్ వచ్చి, గది అద్దెకు తీసుకుని, పిల్లల్ని ఇక్కడ చేర్పిస్తారు. ఆ పిల్లలు మొదటి వారాల్లో మాట్లాడరు. వాళ్ళ మాట తీరుకు వెనక బెంచీలో ఎవరో నవ్వుతారు. పోయిన సంవత్సరం నా క్లాసులో అలాంటి పాప ఒకరుంటే, డైరీలో నేను “ఇంట్లో ఇంగ్లీష్‌లో మాట్లాడండి” అని రాశాను. ఈ జూన్‌లో అలా రాయను. మొదటి రోజే వాష్‌రూమ్ ఎక్కడుందో చూపిస్తాను, పక్కన ఒక తోడును కూర్చోబెడతాను, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగి తెలుసుకుంటాను.

మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారో వచ్చే పీటీఎంలో నాకూ చెప్పండి. తెలుగైనా, ఉర్దూ అయినా, హిందీ అయినా, లంబాడీ అయినా మొహమాటం లేకుండా చెప్పండి.